ఒలింపిక్ క్రీడలలో ఫిజీ జట్టు

నేటి నంద్యాల జిల్లా ప్రాంతమున, 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి, సుమారు 17 లక్షల 80 వేల మంది కలరు. పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దేశపు జనసంఖ్య దాదాపు 9 లక్షలు. కొలిమిగుండ్ల మొదలుకొని ఆత్మకూరు వరకు గల మన ఊళ్లలో సగమును ఏరి, వానినుండి ఒక జట్టును కూర్చి, అమెరికా, చైనా, జర్మనీ దేశముల జట్లతో తలపడుటకు పంపవలసి వచ్చినచో మనమేమందుము? నవ్వి ఊరకుందుము. ఫిజీవారు నవ్వలేదు. 1956లో మెల్బోర్న్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో వారు తొలిసారి పాల్గొనిరి. అటుపిమ్మట 1964, 1980 సంవత్సరములు తప్ప ప్రతి వేసవి ఒలింపిక్సునకు వారి జట్టు వెళ్లుచునే యున్నది.

ఆ దేశమును గూర్చి తెలుగువారు తెలిసికొనవలసిన కారణము మరియొకటి కలదు. ఆంగ్లేయుల యేలుబడిలో ఫిజీ చెరకు తోటలలో పనిచేయుటకై 1879 మొదలు 1916 వరకు మన దేశమునుండి అరువది వేలకు పైగా కూలీలు ఓడలలో తరలిపోయిరి. మొదట కలకత్తా రేవునుండియే పోవుచుండిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు బయలుదేరినవి. అట్లు వెళ్లినవారిలో తెలుగువారు పలువురు. ఐదేండ్ల ఒడంబడికను ఇంగ్లీషులో ‘అగ్రిమెంటు’ అనగా, ఆ మాట కూలీల నోట ‘గిరిమిట్’ అయినది. గడువు తీరిన పిదప పెక్కుమంది అక్కడనే నిలిచిపోయిరి. 1941లో అక్కడి తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి. 2007వ సంవత్సరపు లెక్కలలో ఫిజీ ప్రజలలో నూటికి 37 మందికి పైగా భారత సంతతివారే.

చిన్న దేశములకు ఒలింపిక్సు ప్రవేశము ఎట్లు దొరకును? క్రీడా ప్రపంచమున ఇది ఒక మంచి ఏర్పాటు. గుర్తింపు పొందిన ఒలింపిక్ సంఘములు 200కు పైగా కలవు. ప్రారంభోత్సవ దినమున కోట్ల ప్రజలు గల దేశము వెనుక వేల ప్రజలు గల దేశము తన జెండాతో నడచును. అర్హత ప్రమాణమును అందుకొనలేని దేశములకు పరుగులోను, ఈతలోను ఒకరిద్దరికి ప్రత్యేకముగా చోటు విడుతురు. కాని గెలుపునకు మాత్రము ఎవ్వరును చోటు విడువరు. నేటివరకు ఒలింపిక్ పతకమును కంటితో చూడని దేశములు అరువదికి పైగా కలవు. ఫిజీయు అరువది ఏండ్లు ఆ వరుసలోనే నిలిచినది. వికలాంగుల ఒలింపిక్సులో మాత్రము ఇలీసా డెలానా, చిన్ననాడే ఒక కాలు కోల్పోయిన యువకుడు, 2012లో లండన్ నగరమున 1.74 మీటర్లు ఎగిరి స్వర్ణమును గెలిచెను. ఏ ఒలింపిక్ వేదికపైనైనను ఆ దేశమునకు దక్కిన మొదటి పతకము అదియే.

ఇక రగ్బీ మాట. మన ప్రాంతమున ఈ ఆటను చూచినవారు అరుదు గనుక రెండు మాటలు చెప్పుదుము. బంతి కోడిగ్రుడ్డు ఆకారములో నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును గాని, తోటివానికి చేతితో ముందునకు విసరరాదు; ప్రక్కకో వెనుకకో అందింపవలయును. ఎదుటివారి గీతను దాటి బంతిని నేలకు ఆనించిన 5 పాయింట్లు, ఆపై కొయ్యల నడుమగా తన్నినచో మరి 2. పదునైదుమంది ఆడు మైదానముననే ఏడుగురు ఆడు పద్ధతి ఒకటి కలదు. ఆట సగమునకు 7 నిమిషములే. మన చెడుగుడులో వలెనే జట్టుకు ఏడుగురు. పట్టు, తప్పించుకొనుట, ఊపిరి నిలుపుకొనుట - ఇవియే ఇందులోను ప్రాణము. ఖాళీ చోటు ఎక్కువ గనుక వేగము, మెలకువ గలవానిదే పైచేయి. ఫిజీ పల్లెలలో పిల్లలు దీనిని పుట్టినది మొదలు ఆడుదురు.

2009లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఏడుగురి రగ్బీని 2016 నుండి చేర్చుటకు తీర్మానించెను. ఫిజీ దశ తిరిగినది ఆ తీర్మానముతోనే యని మా అభిప్రాయము. ఎంత నేర్పున్నను ఆ ఆటకు ఒలింపిక్సులో చోటు లేనిచో పతకమెక్కడిది? ఈ కష్టము మన చెడుగుడువారికి తెలియనిది కాదు.

2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ అను పెనుతుపాను ఫిజీని కొట్టి 44 మందిని బలిగొనెను. అదే ఏడు ఆగష్టులో రియో నగరపు ఒలింపిక్సునకు ఫిజీ తన జట్లను పంపినది. వానిలో పురుషుల రగ్బీ జట్టు ఒకటి, ఫుట్‌బాల్ జట్టు మరియొకటి. ఫుట్‌బాల్ జట్టు నాయకుడు భారత సంతతికి చెందిన రాయ్ కృష్ణ. పసిఫిక్ అర్హత పోటీలలో న్యూజీలాండు జట్టు అనర్హుడైన ఆటగాని నాడించి తొలగింపబడగా, ఫిజీ అంత్యపోటీలో వనువాటును పెనాల్టీలపై ఓడించి వచ్చెను. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 8-0 ఓటమి. రెండవది మెక్సికోతో. 10వ నిమిషమున రాయ్ కృష్ణ గోలు వేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఫిజీకి అదియే మొదటి గోలు. సగము ఆట ముగియునప్పటికి ఆధిక్యము ఫిజీదే! తుదకు 5-1తో ఓడిరి. ఆగష్టు 10న జర్మనీ వారు 10-0తో గెలిచిరి.

ఇట్టి జట్లను రానిచ్చుట ఏల యని అడుగువారు కలరు. పది గోళ్ల ఆటను చూచుట ఎవరికిని సంతోషము కాదు, నిజమే. కాని మెక్సికోపై ఆ మొదటి సగము ఆట ఫిజీ కుర్రవానికి ఎట్టి వస్తువో ఆ అడుగువారు ఎరుగరు. పెద్ద జట్లతో ఆడక పెద్ద ఆట అలవడదు.

ఆ మరునాడే, అనగా ఆగష్టు 11న, రగ్బీ అంత్యపోటీ. క్వార్టరు ఫైనలులో న్యూజీలాండును 12-7తో, సెమీఫైనలులో జపానును 20-5తో దాటి వచ్చిన ఫిజీకి ఎదురు నిలిచినది బ్రిటన్. 1874 నుండి 1970 వరకు ఫిజీని ఏలిన దేశము. సగము ఆటకే 29-0. ముగింపు 43-7. నాయకుడు ఒసేయా కోలినిసౌ మొదలుకొని ఆటగాండ్రు బ్రిటిషు రాకుమారి ఆన్ ఎదుట తమ దేశాచారము ననుసరించి మోకరిల్లి పతకములను స్వీకరించిరి. ఫిజీలో ఆనాడు పనిపాటలు నిలిచిపోయినవి. మరుసటి ఏడు ఆ దేశపు రిజర్వు బ్యాంకు ఏడు డాలర్ల నోటునే అచ్చువేసినది! లోకమున ఏ లెక్కకును ఇమడని ఆ ఏడు, ఏడుగురి ఆటకు గుర్తు.

కరోనా కాలమున, 2021లో, టోక్యోకు పోవుటకు ప్రయాణికుల విమానము దొరకక, గడ్డకట్టించిన చేపలను మోయు సరకు విమానములో వారు వెళ్లిరి. న్యూజీలాండును 27-12తో ఓడించి మరల స్వర్ణము తెచ్చిరి. రెండు స్వర్ణములును గెలిచిన ఆటగాడు జెర్రీ తువాయి ఒక్కడే. మహిళల జట్టును అదే క్రీడలలో బ్రిటన్‌పై 21-12తో గెలిచి కాంస్యమందుకొనెను. 2024లో ప్యారిస్‌లో ఫ్రాన్సు 28-7తో ఫిజీ పురుషుల జైత్రయాత్రను ఆపినది, రజతము దక్కెను.

పసిఫిక్ ద్వీపములు తమలో తాము పోటీపడుటకు 1963లో ఫిజీ రాజధాని సువాలో మొదటి దక్షిణ పసిఫిక్ క్రీడలు జరిగినవి. 13 దేశములు పాల్గొనినవి. 1959లో రబౌల్ సమావేశమున ఆ ఆలోచనను ముందుంచినది ఫిజీ ప్రతినిధి డాక్టరు ఎ. హెచ్. సాహు ఖాన్, భారత సంతతివాడు. 2015లో రాయ్ కృష్ణ జట్టు రియోకు అర్హత సంపాదించినది ఆ క్రీడలలోనే. ఆ రాయ్ కృష్ణ 2019లో మన దేశమునకు వచ్చి కలకత్తా జట్టు తరఫున ఇండియన్ సూపర్ లీగులో ఆడసాగెను.