గర్భస్థ శిశువు గుండె - కంప్యూటరు లెక్కలు

మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడికి కడుపులోని బిడ్డ గుండెతో ఏం పని అని మిత్రులు నన్ను అడుగుతుంటారు. గుండె పంపు, రక్తం ద్రవం, కవాటాలు వాల్వులు. అందుకే అని చెప్పి ఊరుకోవచ్చు. కాని అసలు సంగతి వేరే ఉంది. మనం తయారుచేసే పంపు పనిచేస్తూ పెరగదు. గుండె పనిచేస్తూనే పెరుగుతుంది, చేసిన పనిని బట్టి పెరుగుతుంది.

ఫలదీకరణం జరిగిన సుమారు 22వ రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికది ఒట్టి గొట్టం. ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులూ ఏర్పడతాయి. సజీవంగా పుట్టే ప్రతి 1000 మంది శిశువుల్లో సుమారు 8, 9 మంది గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. జన్యువులు కొన్నిటికి కారణమే. అయితే రక్తప్రవాహం పాత్రా తక్కువేమీ కాదు. 2003లో కాల్టెక్ శాస్త్రజ్ఞులు జీబ్రా చేప పిండం గుండెలో సన్నని గాజుపూస పెట్టి ప్రవాహానికి అడ్డు కల్పించారు. ఆ గుండె సరిగా వంపు తిరగలేదు, కవాటాలూ సరిగా ఏర్పడలేదు. నీరు పారితేనే కాలువ నిలుస్తుంది, పారకపోతే పూడిపోతుంది. ఇదీ అంతే.

ఒక్క ఉదాహరణ చూద్దాం. బృహద్ధమని కవాటం గర్భంలోనే ఇరుకైందనుకోండి. ఎడమ జఠరికలో పీడనం పెరుగుతుంది, గది ఉబ్బుతుంది. గోడ మీది ఒత్తిడి పీడనాన్నీ వ్యాసార్ధాన్నీ గుణించి గోడ మందంతో భాగిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుందని లాప్లాస్ సూత్రం. ఒత్తిడి ఇలా ఎక్కువైనప్పుడు గది లోపలి పొర నారలతో దళసరెక్కి, తెల్లగా, బిరుసుగా మారవచ్చు. బిరుసెక్కిన గదిలోకి రక్తం రానంటుంది. కర్ణికల మధ్యనున్న రంధ్రం గుండా ఎదురు దారి పడుతుంది. రక్తం రాని గది ఎదగదు. బిడ్డ పుట్టేసరికి ఎడమ గుండె మరీ చిన్నదిగా మిగిలిపోవచ్చు. అప్పుడు కుడి జఠరిక చేతనే శరీరమంతటికీ రక్తం పంపించేలా దశలవారీగా ఆపరేషన్లు చేయాలి. ఈ దారి చూపిన ఫలితాలను విలియం నార్‌వుడ్ బృందం 1983లో ప్రకటించింది.

మరి గర్భంలోనే కవాటం తెరిస్తే? ఆ ప్రయత్నాన్ని లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యులు 1991లో వివరించారు. తల్లి పొట్ట మీదుగా సూది పంపి, బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేయడమన్నమాట. కాని పొర అప్పటికే బిరుసెక్కి ఉంటే కవాటం తెరిచినా గది ఎదగకపోవచ్చు. తొందరపడితే అనవసరపు ప్రమాదం, ఆలస్యమైతే వృథా. అసలు ప్రశ్న ‘ఎప్పుడు?’ అనేదే.

కంప్యూటరు మోడల్ అక్కరకొచ్చేది ఇక్కడే. అల్ట్రాసౌండ్ బొమ్మల నుంచి గది ఆకారం తీసుకుంటారు. గోడను వేలాది చిన్న ముక్కలుగా విభజిస్తారు. మనకు తెలిసిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతే. ప్రతి ముక్క ఎంత సాగుతోందో లెక్కించి, ఆ సాగుదలకు అది ఎంత పెరగాలో, ఎంత గట్టిపడాలో ఒక నియమం ఇస్తారు. అలా రాబోయే వారాల గుండెను తెర మీద పెంచి చూస్తారు.

ఇందులో ఒక చిక్కు చెప్పి తీరాలి. గర్భంలోని గుండెకు ప్రెషర్ గేజ్ తగిలించలేం. డాప్లర్‌తో రక్తవేగం కొలిచి, సెకనుకు మీటర్లలో వచ్చిన దాని వర్గాన్ని 4తో గుణిస్తే కవాటం దగ్గరి పీడన భేదం మిల్లీమీటర్ల పాదరసంలో వస్తుంది. వేగం 3 అయితే 36 అన్నమాట. ఇప్పుడు జఠరిక నీరసించిందనుకోండి. వేగం తగ్గుతుంది, అంకె తగ్గుతుంది. చూసేవాళ్ళకు జబ్బు నయమవుతున్నట్టుంటుంది. నిజానికి గుండె ఓడిపోతోంది! అందుకే ఆకారం, వేగం మాత్రమే చాలవు. కణజాలం ఎంత మారిందో కూడా లెక్కలోకి రావాలి. మోడల్ చెప్పిన జవాబును తర్వాతి స్కానుతో సరిచూడాలి.

ఎందుకంటే ఆ అంకె చివరికి చేరేది పరీక్ష పేపరుకు కాదు, గది బయట కూర్చున్న తల్లిదండ్రులకు. మన ఇంజనీరింగ్ విద్యార్థులకు నాదొక్కటే మనవి: సమీకరణం రాసే ముందు ఒక్కసారి వైద్య కళాశాలకు వెళ్ళి, సూక్ష్మదర్శిని కింద ఆ గుండె పొరను చూసి రండి.