బెదరిన పిల్లి

గదిలో పెట్టి కొట్టినచో పిల్లియైనను తిరుగబడునని మన పెద్దలు చెప్పుదురు. ఆ పిల్లికి కలిగినది భయమా, కోపమా? దేహములో ఆ రెండును పుట్టించు మార్పులు చాలవరకు ఒక్కటే.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టరు కానను అను శాస్త్రజ్ఞుడు 1911లో, చిత్రముగా, పిల్లులతోనే యొక శోధన గావించెను. పిల్లి నెమ్మదిగా నున్నపుడు కొంత నెత్తురును, ఎదుట కుక్క మొరిగిన పిమ్మట మరికొంత నెత్తురును తీసి, ప్రేగు కండరపు తునుకను వానిలో వేర్వేరుగ నుంచి చూచెను. మొదటి నెత్తురులో తునుక ఎప్పటివలెనే ముడుచుకొనుచు సాగుచు నుండెను. రెండవదానిలో సడలి నిలిచిపోయెను. మూత్రపిండముల పైనున్న చిన్న గ్రంథులు భయవేళ ఎడ్రినలినును నెత్తురులోనికి విడుచుటయే దీనికి హేతువు. గుండె దడదడ కొట్టుకొనుటయు, నెత్తురులో చక్కెర పెరుగుటయు దాని పనులే. పారిపోవుటకైనను పోరాడుటకైనను దేహమునకు కావలసిన సన్నాహ మొక్కటియే గదా! 1915లో ప్రకటించిన గ్రంథమున కానను భయక్రోధములను కలిపియే చర్చించెను.

ఇక మెదడు సంగతి. అపాయమును పసిగట్టుటలో ముఖ్యమైనది బాదముగింజ యాకారముగల ఎమిగ్డలా అను భాగము. దాని తొందరను అదుపుచేయుటకు నుదుటి వెనుకనున్న భాగము తోడ్పడును. మెదడులో వార్తలు నడపు పదార్థములలో సెరొటొనిను ఒకటి. అది మెదడులో నున్నదని 1953లో తెలిసినది. మన యాహారములోని ట్రిప్టొఫాను నుండి అది తయారగును. 2011లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కొందరికి ట్రిప్టొఫాను లేని యాహారమిచ్చి, కోపముతో నున్న ముఖముల చిత్రములు చూపిరి. అప్పుడు పై రెండు భాగముల నడుమ సంబంధము బలహీనపడినట్లు కనబడెను. ఇంతమాత్రమున సెరొటొనిను కోపమును తూచు త్రాసని తలపరాదు. నిద్ర, ఇంటి పరిస్థితి, పూర్వానుభవములు, అన్నియు ఇందు కలసియుండును.

మా తరగతిలో నొక బాలుడు, కొలబద్ద తీసికొన్నాడని ప్రక్కవానిని కొట్టెను. మేమతనిని గద్దించి వెలుపల నిలువబెట్టితిమి. అతడు తలుపును కాలితో తన్నెను. మేమింకను బిగ్గరగా కేకలు వేసితిమి. కుక్క మొరిగినకొలది పిల్లి నెత్తురు ఏమగునో ఆ దినమున మాకు తోచలేదు. సాయంకాలము ప్రక్కన కూర్చుండబెట్టుకొని మెల్లగా నడుగగా, అతడు చొక్కాజేబు నుండి నలిగిన మార్కుల చీటీని తీసెను. దానిపై తండ్రిచేత సంతకము చేయించుకొని రావలసిన గడువు ఆ మరునాడే.