అభ్యంగనం: పండుగ నాటి వేడుక మాత్రమేనా?

ఉగాదికి, దీపావళికి తలంటు లేనిదే తెలుగువారి ఇంట పండుగ సాగదు. పెండ్లిలో నలుగు, పురిటింట పసికందుకు నూనె స్నానం కూడా మన ఆచారములే. అయితే ఇవన్నీ వేడుకలు మాత్రమే అనుకొనరాదు. ఆయుర్వేదం అభ్యంగనాన్ని దినచర్యలో భాగంగా విధించినది. దానితోపాటు ఎవరికి, ఎప్పుడు కూడదో కూడా చెప్పినది. ఈ రెండవ భాగాన్ని మనం మరచిపోతున్నాము.

శాస్త్ర ప్రమాణం

నూనె పట్టించిన కుండ, తోలు, బండి ఇరుసు ఎట్లు గట్టిపడి మన్నుతాయో, అభ్యంగనం వల్ల శరీరం అట్లే దృఢపడునని చరక సంహిత సూత్రస్థానం చెప్పుచున్నది. స్పర్శకు వాయువు ప్రధానం, స్పర్శకు స్థానం చర్మం. కనుక వాతశమనానికి తైలమర్దనం శ్రేష్ఠం. తల, చెవులు, పాదముల పట్ల విశేష శ్రద్ధ వహించవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయంలో సూచించెను. మన నలుగు శాస్త్రంలోని ఉద్వర్తనమే. అది కఫాన్ని, మేదస్సును తగ్గించునని చెప్పబడినది.

పాశ్చాత్య దేశాలలో 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం స్థాపించిన పెర్ హెన్రిక్ లింగ్ అంగమర్దనాన్ని తన చికిత్సా పద్ధతిలో చేర్చెను. కండరముల బిగువు సడలుట, అలసట తీరుట, సుఖనిద్ర, చర్మం పొడిబారకుండుట దీని ముఖ్య ప్రయోజనములు.

చేయు విధానం

నువ్వుల నూనె గిన్నెను వేడినీటిలో ఉంచి, నూనెను గోరువెచ్చగా చేసికొనవలెను. కాళ్ళు, చేతులపై పొడవుగాను, కీళ్ళపై గుండ్రంగాను, పొట్టపై గడియారపు ముల్లు తిరుగు దిశలోను మృదువుగా మర్దించవలెను. పావుగంట మర్దన చాలును. అరగంట ఆగి, సున్నిపిండితో గోరువెచ్చని నీటి స్నానం చేయవలెను. నూనె కాళ్ళతో స్నానాల గదిలో జారిపడు ప్రమాదం కలదు. వృద్ధులకు తప్పక తోడుండవలెను.

పసిపిల్లల విషయంలో

జవహర్‌నగర్, శామీర్‌పేట వంటి నగర శివారులలో పెద్దల తోడు లేకుండా కాపురముండు దంపతులు ఎందరో కలరు. అట్టి తల్లులు ఈ మాటలు గుర్తుంచుకొనవలెను. బిడ్డ ముక్కులో, చెవిలో, నోటిలో నూనె పోయరాదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి చేరి ప్రాణాపాయం కలిగించగలదు. రొమ్ములు పిండుట, తలను, ముక్కును ఒత్తి తీర్చిదిద్దుట కూడదు. పాలు తాగిన వెంటనే మర్దన చేయరాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు వైద్యుని సలహా లేనిదే ఏ నూనె రాయరాదు.

ఎవరికి కూడదు?

అజీర్ణం, కఫాధిక్యం ఉన్నవారికి, శోధన చికిత్స పొందిన వెంటనే అభ్యంగనం నిషిద్ధం. జ్వరంలోను, పుండ్లు, గాయములు, విరిగిన ఎముకలపైన చేయరాదు. ఒక కాలి పిక్క అకస్మాత్తుగా వాచి నొప్పిచేసిన, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. దానిని మర్దించిన ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరగలదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. మధుమేహంతో పాదముల స్పర్శ తగ్గినవారు నూనె, నీటి వేడిని ఇతరుల చేత పరీక్షింపజేసికొనవలెను.

సంస్కృతంలో స్నేహమనగా నూనె, ప్రేమ కూడా. ప్రేమతోపాటు వివేకం కూడా ఉన్నప్పుడే నూనె పట్టించు చేయి మేలు చేయును.