పొలంలో పాదముద్ర: ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

నల్లమల కొండల అంచున గల మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి, యర్రగొండపాలెం, దోర్నాల మండలాల్లో అడవి ముగిసిన చోటనే పత్తి, మిరప చేలు మొదలవుతాయి. తెల్లవారి చేనికి వెళ్ళిన రైతుకు చాళ్ళ మధ్య పెద్ద పాదముద్ర కనిపించడం, మధ్యాహ్నానికల్లా పులి వచ్చిందన్న వార్త మండలమంతటా వ్యాపించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ ముద్ర నిజంగా పులిదే అయితే, రాత్రివేళ కల్లాల్లో మిరపకాయలకు కాపలా పడుకునే కూలీల భద్రత తక్షణ సమస్య అవుతుంది. కుక్కదో, దుమ్ములగొండిదో అయితే కోతలు నిలిచిపోయి రైతు నష్టపోతాడు. రెండింటిలో ఏది నిజమో నిర్ధారించగల మొదటి ఆధారం నేలపై పడిన గుర్తు మాత్రమే.

గుర్తును చదివే ముందు నేలను చదవవలసి ఉంటుంది. ఎర్రనేలపై పలుచగా పరచుకున్న దుమ్ములో ముద్ర అంచులు స్పష్టంగా నిలుస్తాయి. నల్లరేగడి స్వభావం వేరు. తడిసిన రేగడిలో అడుగు దిగబడి, బురద పక్కలకు జరిగి ముద్ర అసలు పాదం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆరిన తరువాత నెర్రెలు విచ్చి దాని ఆకారమే మారిపోతుంది. నీరు పెట్టిన మిరప చేలో చిరుత అడుగు పులి అడుగుగా ప్రచారం పొందడానికి ఇది ముఖ్య కారణం. ముద్రపై పురుగులు నడిచిన గీతలు, మంచు బిందువుల మచ్చలు, గాలికి రాలిన అంచులు అది ఏ వేళప్పటిదో సుమారుగా తెలుపుతాయి. చేనికి నీరు పెట్టిన సమయం రైతుకు తెలుసు కనుక, ఈ విషయంలో ఆయన సాక్ష్యం విలువైనది.

పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి ముడుచుకుంటాయి. అందువలన పులి, చిరుత, జంగుపిల్లి ముద్రలలో నాలుగు వేళ్ళు, వాటి వెనుక మెత్త మాత్రమే కనిపిస్తాయి; మెత్త వెనుక అంచు మూడు తమ్మెలుగా ఉంటుంది. కుక్క, తోడేలు, నక్క, దుమ్ములగొండి ముద్రలలో వేళ్ళ ముందు గోటి గుర్తులు ఉంటాయి. అయితే జారుడు నేలపై పులి సైతం గోళ్ళు దించుతుంది కనుక ఒకే ముద్రను చూసి తీర్పు చెప్పరాదు. వరుసగా నాలుగైదు ముద్రలను పరిశీలించవలసి ఉంటుంది. ఎదిగిన పులి ముందు పాదముద్ర వెడల్పు సాధారణంగా 12 సెంటీమీటర్లు, అంతకు పైగా ఉండగా చిరుత ముద్ర దాదాపు 9 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ఈడు రాని పులి ఈ రెండింటి మధ్య పడుతుంది, చిక్కు అక్కడే.

పత్రికలలో తరచు కనిపించే మరొక పొరపాటు ఉంది. రెండు పరిమాణాల ముద్రలు కనిపించగానే తల్లి, పిల్ల సంచరిస్తున్నట్లు వార్త వెలువడుతుంది. నిజానికి ఒకే జంతువు ముందు పాదం వెనుక పాదం కంటే పెద్దది. దుమ్ములగొండిలో ఈ తేడా మరీ ఎక్కువ.

పాదముద్ర కంటే ఎక్కువ చెప్పే గుర్తులు కూడా ఉన్నాయి. గిట్ట జాడల వెనుక రెండు చిన్న గుర్తులు, గట్టు పక్కన ముట్టెతో పెళ్ళగించిన మట్టి ఉంటే అది అడవిపంది. అయిదు వేళ్ళు, వాటికి చాలా ముందుగా పొడవైన గోళ్ళ గాట్లు, సమీపంలో తవ్విన చెదపుట్ట ఎలుగుబంటిని సూచిస్తాయి. దాని వెనుక పాదముద్ర మనిషి పాదాన్ని పోలి ఉండి కొత్తవారిని కలవరపెడుతుంది. మనుబోతు తిరిగి తిరిగి ఒకే చోట పెంటికలు వేస్తుంది కనుక ఆ కుప్ప దాని నిత్య సంచారానికి నిదర్శనం. నక్క తన మలాన్ని డొంక నడుమ, రాయిపైన అందరికీ కనిపించేలా విడుస్తుంది. అందులోని రేగు గింజలు, ఎలుక వెంట్రుకలు దాని ఆహారాన్ని వెల్లడిస్తాయి. చేలలో ఎలుకలను తినే ఈ నక్కను రైతు శత్రువుగా భావించనవసరం లేదు. ఇక పులి ముళ్ళ పొదలను తప్పించుకుని డొంకలు, వాగు ఇసుక, బండి బాటల వెంట నడవడానికి ఇష్టపడుతుంది. బాట పక్క నేలను వెనుక కాళ్ళతో గీరడం, చెట్టు మొదళ్ళపై వాసన విడవడం తన హద్దును తెలిపే పద్ధతి. అటువంటి గుర్తులు పదే పదే కనిపిస్తే అది దారి తప్పి వచ్చిన జంతువు కాదని గ్రహించవలసి ఉంటుంది.

ఈ విద్యలో నల్లమల చెంచులది పెద్ద చేయి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. ఇక్కడి బేస్ క్యాంపులలో రక్షణ సిబ్బందిగా పనిచేస్తున్న చెంచులు ముద్రతో పాటు కోతుల అరుపును, దుప్పి హెచ్చరికను, గద్దల తిరుగుడును కలిపి చదువుతారు. తేనె, దుంపల కోసం తరతరాలుగా అడవిలో తిరిగిన అనుభవం అది. శిక్షణ తరగతులలో అలవడేది కాదు.

అయినప్పటికీ పాదముద్రకు ఒక పరిమితి ఉంది. ముద్రలను అద్దంపై గీసి పులులను లెక్కించే విధానాన్ని 1960వ దశకంలో ఒడిశా అటవీ అధికారి ఎస్.ఆర్. చౌధురి రూపొందించగా, 1972లో దేశవ్యాప్త గణన 1,827 పులులను నమోదు చేసింది. ఒక్కో పులిని దాని అడుగును బట్టి గుర్తించవచ్చన్న ఆ నమ్మకాన్ని శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ వంటివారు 1980వ దశకంలోనే ప్రశ్నించారు. లెక్కల్లో పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగలలేదని 2005లో తేలిన తరువాత ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. కెమెరాలు, గణాంక విధానం ఆధారంగా 2006లో జరిగిన అంచనాలో 1,411 పులులు, 2022లో సగటున 3,682 పులులు ఉన్నట్లు వెల్లడైంది. నేటికీ ఆ అంచనా మొదటి మెట్టు సిబ్బంది కాలినడకన గుర్తులు నమోదు చేయడమే. ముద్ర జంతువు ఉనికిని చెబుతుంది. ఎన్ని ఉన్నాయో, ఏ పులి వచ్చిందో చెప్పవలసింది చారల ఛాయాచిత్రం, లేదా మలం నుంచి తీసిన డీఎన్ఏ. ఇటువంటి డీఎన్ఏ పరీక్షలకు హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఉంది.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు పులి కూనలు దొరికినప్పుడు సిబ్బంది పాదముద్రల వెంట తల్లి కోసం గాలించారు. తల్లి ఆ ప్రాంతంలోనే ఉన్నట్లు తెలిసినా కూనలను దాని చెంతకు చేర్చడం సాధ్యపడక, వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. అదే ఏడాది మేలో పల్నాడు జిల్లా దుర్గి పరిసరాలలో పులుల సంచార వార్తలు వెలువడ్డాయి.

పశువు చనిపోయిన చోట కళేబరమే ప్రధాన సాక్ష్యం. గొంతుపై కోరల గాట్లు, ఈడ్చుకుపోయిన చార, ఏ భాగం నుంచి తినడం మొదలైందన్నది పరిశీలిస్తేనే పులి, చిరుత, రేచుకుక్కల మధ్య తేడా తేలుతుంది. పరిహారానికి కూడా ఆ పరిశీలనే ఆధారం. పురుగుమందు డబ్బా ప్రతి ఇంటా ఉండే పత్తి, మిరప గ్రామాలలో కోపంతో ఆ కళేబరంపై విషం చల్లితే, మళ్ళీ తినడానికి వచ్చిన జంతువుతో పాటు ఊరి కుక్కలు, గద్దలు కూడా చనిపోతాయి. అడవిపందుల కోసం కరెంటు తీగ పరచడం చట్టరీత్యా నేరం. ఆ తీగ పందికి, పులికి, చేనికి నీరు పెట్టే మనిషికి తేడా చూడదు.

ముద్ర కనిపించిన వెంటనే దానిపై గంప గాని, పళ్ళెం గాని బోర్లించి, చుట్టూ జనం తొక్కకుండా చూసి, సమీప బీట్ అధికారికి తెలియజేయాలి. ఫోటోను నిలువుగా పైనుంచి, ముద్ర పక్కన స్కేలు లేదా రూపాయి నాణెం ఉంచి, ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ తీయాలి. కొలత లేని ఫోటోలో కుక్క అడుగు సైతం పులి అడుగంత కనిపిస్తుంది కనుక, విలేకరులు అటువంటి చిత్రాన్ని ప్రచురించే ముందు అటవీ రేంజ్ కార్యాలయంలో సరిచూసుకోవడం అవసరం. అధికారుల నిర్ధారణ వచ్చేవరకు కల్లాల్లో కాపలా ఉండేవారు ఒంటరిగా పడుకోకుండా, పశువులను చీకటి పడక ముందే కొట్టాలకు చేర్చేలా గ్రామ స్థాయి సిబ్బంది చూడవలసి ఉంటుంది.