మాట గొప్పదా, ఉద్దేశం గొప్పదా?

చట్టాన్ని రచించేవారు ఒకరు, దానికి అర్థం చెప్పేవారు మరొకరు. అమెరికా న్యాయశాస్త్ర వాదాలలో అధిక భాగం ఈ ఇద్దరి నడుమనున్న దూరం చుట్టూనే తిరుగుతున్నది. మన ఉర్దూ విద్యార్థులు ‘లఫ్జ్’ అనీ ‘మన్షా’ అనీ చెప్పే రెండింటికీ, అనగా మాటకూ దాని వెనుకనున్న ఉద్దేశానికీ, పొత్తు కుదరనప్పుడు న్యాయమూర్తి దేనిని అనుసరించాలి?

2007లో మెక్సికో సింధుశాఖలో ఒక జాలరి పడవను తనిఖీ చేసిన అధికారి, నిర్ణీత పరిమాణం కంటె చిన్నవైన చేపలను గుర్తించి, వాటిని విడిగా ఉంచి రేవుకు తెమ్మని ఆదేశించాడు. జాలరి వాటిని సముద్రంలో పారవేయించాడని అభియోగం. ప్రయోగించిన శాసనం 2002 నాటిది. విచారణకు అడ్డుపడే తలంపుతో రికార్డును గాని, దస్తావేజును గాని, తాకి చూడదగిన ఏ వస్తువునుగాని నాశనం చేస్తే 20 ఏళ్లదాకా శిక్ష వేయవచ్చునని అది చెబుతున్నది. ఎన్రాన్ కంపెనీ దొంగలెక్కలు బయటపడిన పిమ్మట పుట్టిన చట్టమది. చేప తాకి చూడదగినది కాదని ఎవరనగలరు? అయినను 2015లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ శిక్షను త్రోసిపుచ్చింది. మాటకు అర్థం పక్కనున్న మాటలను బట్టి ఏర్పడుతుందనీ, ఇక్కడ ‘వస్తువు’ అంటే సమాచారాన్ని నమోదు చేయడానికో భద్రపరచడానికో వాడేదేననీ ప్రధానాభిప్రాయం రాసిన గిన్స్‌బర్గ్ నిర్ణయించారు. విభేదించిన న్యాయమూర్తి కేగన్, చేప వస్తువేనని చెప్పడానికి ఒక పిల్లల పుస్తకాన్ని సాక్ష్యంగా తెచ్చారు!

ఈ తగవు కొత్తది కాదు. ముందుగా ఒప్పందం చేసుకొని విదేశీయులను ‘ఏ విధమైన శ్రమకైనా, సేవకైనా’ రప్పించరాదని 1885లో ఒక చట్టం వచ్చింది. న్యూయార్కులోని ఒక చర్చి ఇంగ్లండు నుండి మతాచార్యుని రప్పించుకున్నది. 1892లో సుప్రీంకోర్టు, ఈ పని చట్టం అక్షరానికి లోబడినా ఆశయానికి లోబడదని, చౌక కూలీల దిగుమతిని ఆపడమే ఆ ఆశయమని చర్చి పక్షాన తీర్పు చెప్పింది. నటులకు, గాయకులకు, లెక్చరర్లకు ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఇది చదివినపుడు నాకు కొంత గర్వం కలిగిన మాట నిజం. కాని మతాచార్యుల పేరు ఆ జాబితాలో లేదు. ఇటీవలి కాలపు న్యాయమూర్తి స్కాలియా ఈ తీర్పును తీవ్రంగా ఖండించారు. ప్రజలను బంధించేది శాసనంలోని మాటయే గాని, శాసనకర్తల మనసులోని ఊహ కాదని ఆయన వాదం. ఈ వాదాన్ని తేలికగా తీసివేయలేము. మనసులోని ఊహను చూసినవారెవరు?

రాజ్యాంగం విషయంలో చిక్కు మరింత పెద్దది. ‘డ్యూ ప్రాసెస్’, అనగా తగిన న్యాయప్రక్రియ, లేకుండా ఏ రాష్ట్రమూ ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించరాదని 1868 నాటి 14వ సవరణ చెబుతున్నది. రొట్టెల బట్టీలలో పనివారిచేత రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించరాదని న్యూయార్కు రాష్ట్రం శాసించగా, 1905లో లోక్నర్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఒప్పందం చేసుకొనే హక్కు ‘స్వేచ్ఛ’లో చేరినదట! బట్టీ వేడిలో మాడే కూలివానికి ఆ స్వేచ్ఛ ఎంతటి భాగ్యమో పాఠకులే ఊహింతురు గాక. ఆ ధోరణిని కోర్టు 1937లో గాని విడిచిపెట్టలేదు.

ఈ అనుభవం మన రాజ్యాంగాన్నీ తాకింది. మన రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావుగారు 1947లో అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసినప్పుడు, డ్యూ ప్రాసెస్ నిబంధన న్యాయమూర్తులకు మితిమీరిన అధికారమిస్తుందని ఆయన హెచ్చరించారు. పిమ్మట మన ముసాయిదాలో ఆ మాట పోయి, ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న మాట వచ్చింది. 1950లో గోపాలన్ నిర్బంధం కేసులో మన సుప్రీంకోర్టు దీనిని ఉన్నదున్నట్టుగానే చదివింది. చట్టంలో పద్ధతి ఉన్నంతవరకు అది న్యాయమైనదా కాదా అని కోర్టు తరచి చూడనక్కరలేదన్నది. 1978లో మేనకా గాంధీ కేసులో అదే మాటను చదివి, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలన్నది. మధ్యలో 21వ అధికరణంలో ఒక్క అక్షరమైనా మారలేదు.