పుట్టిన ఊరా? పెరిగిన ఊరా?

మన ఇళ్లలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం ఆచారం. అందుచేత రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి కాలనీలలో పెరిగిన ఎందరో పిల్లల జనన ధ్రువపత్రాల మీద ఏలూరు అనో, కడప అనో, బీదర్ అనో, నాందేడ్ అనో ఉంటుంది. పురిటి స్నానాలు, తొట్టెల పండుగ అయిన తరువాత తల్లి బిడ్డను ఎత్తుకొని తన ఇంటికి వస్తుంది. ఆ బిడ్డ ఇక్కడే నడక నేర్చుకొంటుంది, ఇక్కడి బడిలోనే అక్షరాలు దిద్దుకొంటుంది. అటువంటి బిడ్డతో "నీవు ఈ ఊరిదానవు కావు" అని ఎవరైనా అంటే ఆ తల్లికి ఎట్లా ఉంటుంది?

2014లో రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో ఒక టెన్నిస్ క్రీడాకారిణి సరిగ్గా ఇటువంటి మాటే వినవలసి వచ్చింది. ఆమె సానియా మీర్జా. ఆ సంగతిని ఇన్నేళ్ల తరువాత మళ్లీ ఎందుకు ఎత్తుతున్నారని పాఠకులు అడగవచ్చు. ఆమెను అడిగిన ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు, మన పారిశ్రామికవాడలో ప్రతి రెండో ఇంటిది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒక చెక్కు, ఒక వ్యాఖ్య

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. యాభై రోజులకు, అంటే జులై 22న, ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు సానియాను కొత్త రాష్ట్రానికి బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించి, కోటి రూపాయల చెక్కు అందజేశారు. మరునాడు బి.జె.పి. శాసనసభాపక్ష నాయకుడు డాక్టర్ కె. లక్ష్మణ్ అభ్యంతరం చెప్పారు. సానియా పుట్టింది మహారాష్ట్రలో గనుక స్థానికురాలు కాదన్నారు. తెలంగాణ ఉద్యమంలో పాల్గొనలేదన్నారు. ఆమె "పాకిస్తాన్ కోడలు" అని కూడా అన్నారు. పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌తో ఆమె వివాహం 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే జరిగింది.

కొత్త రాష్ట్రానికి ఎన్నో ఖర్చులుండగా పేరున్న క్రీడాకారిణికి కోటి రూపాయలు ఇవ్వడం తగునా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వ ధనాన్ని గురించి పౌరులు అడగవలసిందే. కాని అక్కడ ప్రశ్న డబ్బు దగ్గర ఆగలేదు, మనిషి మీదికి వెళ్లింది.

జులై 24న సానియా ఒక ప్రకటన ఇచ్చారు. తల్లి ఆరోగ్యం బాగుండక ముంబయిలో ప్రత్యేక వైద్యం అవసరమైనందున అక్కడ పుట్టాననీ, మూడు వారాల పసికందుగా హైదరాబాద్ ఇంటికి చేరాననీ చెప్పారు. వందేళ్లకు పైగా తమ కుటుంబం ఈ నగరంలోనే ఉన్నదన్నారు. తాతగారు 1948లో నిజాం రైల్వేలో ఇంజనీరుగా ఉద్యోగం మొదలుపెట్టారు. పూర్వీకులలో ఒకరు నిజాం ప్రభుత్వంలో హోం కార్యదర్శిగా పనిచేశారు. ఇంకొకరు నీటిసరఫరా శాఖ చీఫ్ ఇంజనీరుగా ఉండి గండిపేట ఆనకట్ట నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించారు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని మనవాళ్లు అంటుంటారు కదా! ఆ నీళ్లు నగరానికి అందించిన ఇంటి పిల్ల తాను ఈ ఊరిదాననేనని కాగితం మీద వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. ఒక టీవీ ఛానల్‌తో మాట్లాడుతూ ఆమె కన్నీళ్లు పెట్టుకొన్నారు. బి.జె.పి.కే చెందిన కేంద్రమంత్రి శ్రీ ప్రకాశ్ జావడేకర్ సానియా దేశానికే గర్వకారణమని చెప్పి ఆ వివాదాన్ని చల్లార్చారు.

మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఒక తంటా

దేశాలు, రాష్ట్రాలు విడిపోయే వేళ ఆటగాళ్లకు ఇటువంటి ఇబ్బంది రావడం కొత్తకాదు. 1991 జనవరిలో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో హాప్‌మన్ కప్పును యుగోస్లావియా గెలుచుకొన్నది. ఆ జట్టులో ఉన్నది ఇద్దరే. మోనికా సెలెస్ సెర్బియాలోని నోవీ సాడ్‌లో హంగేరియన్ కుటుంబంలో పుట్టిన అమ్మాయి. గోరాన్ ప్ర్పిచ్ క్రొయేషియాలోని జాదర్ పట్టణంలో పుట్టినవాడు. ఆరు నెలలు తిరగకుండానే, జూన్ 25న, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. యుద్ధం వచ్చింది. ఆ ఇద్దరూ ఒకే జెండా క్రింద మళ్లీ ఆడే అవకాశం లేకుండా పోయింది. సెలెస్ 1994లో అమెరికా పౌరసత్వం తీసుకొన్నారు.

సానియాను నిలదీసిన 2014లోనే బ్రిటన్‌లో ఇంకొక సంగతి జరిగింది. 1707 నుండి ఇంగ్లండుతో కలసి ఉన్న స్కాట్లండు విడిపోవాలా, వద్దా అని సెప్టెంబరు 18న ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. టెన్నిస్ వీరుడు ఆండీ ముర్రే స్కాట్లండులో పుట్టి, అక్కడి డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో పెరిగారు. 2013లో వింబుల్డన్ గెలిచినప్పుడు, 77 ఏళ్ల తరువాత పురుషుల సింగిల్స్ గెలిచిన బ్రిటిషర్ అని దేశమంతా ఆయనను నెత్తిన పెట్టుకొన్నది. అయితే ఓటు హక్కు స్కాట్లండులో నివసించేవారికే ఇచ్చారు. ఇంగ్లండులో కాపురముంటున్న ముర్రేకు ఓటు లేదు. ఎడిన్‌బరోలో ఉంటున్న ఇంగ్లీషువాడికి మాత్రం ఉన్నది! పోలింగు నాటి తెల్లవారుజామున ముర్రే ట్విట్టర్‌లో రెండు ముక్కలు వ్రాసి విడిపోవడాన్ని సమర్థించారు. అంతే, తిట్ల వర్షం కురిసింది. అభిప్రాయం చెప్పినందుకు విచారం లేదు గాని, చెప్పిన తీరు సరిగా లేదని ఆయన తరువాత అన్నారు. 55 శాతానికి పైగా ఓటర్లు కలసి ఉండడానికే మొగ్గు చూపారు. మరుసటి ఏడాది అదే ముర్రే 1936 తరువాత మొదటిసారిగా బ్రిటన్‌కు డేవిస్ కప్పు తెచ్చిపెట్టారు. తిట్టినవారిలో ఎందరు ఆ రోజు చప్పట్లు కొట్టారో!

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ముర్రే మాట్లాడినందుకు దోషి అయ్యారు. సానియా ఉద్యమకాలంలో మాట్లాడనందుకు దోషి అయ్యారు. ఒకరికి నివాసం అడ్డమైతే, ఇంకొకరికి పుట్టుక అడ్డమైంది. కొలతబద్ద ఎప్పటికప్పుడు మారుతున్నప్పుడు లోపం మనిషిలో ఉన్నదా, బద్దలో ఉన్నదా?

మన జిల్లా సంగతి

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందు మనది మెదక్ జిల్లా, సంగారెడ్డి దానికి కేంద్రం. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. 1960లలో వచ్చింది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో వెలసింది. తరువాత బొల్లారం, పాశమైలారం వాడలు, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. వీటి వెంట కోస్తా నుండి, రాయలసీమ నుండి, ఒడిశా, బీహార్‌ల నుండి కుటుంబాలు వచ్చాయి. భూములు ఇచ్చిన రైతుల పిల్లలకు గేటు బయట దినకూలీ దొరికి, లోపలి ఉద్యోగాలు దూరం నుండి వచ్చినవారికి దక్కాయన్న బాధ ఇక్కడ చాలాకాలం ఉన్నది. ఆ బాధ నిజమైనది. 1969 నాటి ఉద్యమంలోనూ, తరువాతి ఉద్యమంలోనూ స్థానికులకు ఉద్యోగాలన్నది ముఖ్యమైన కోరిక. దానిని తేలికగా తీసివేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే స్థానికత అడిగేవారు అందరినీ ఒకే విధంగా అడుగుతారా? 1980లో మెదక్ లోక్‌సభ స్థానం నుండి శ్రీమతి ఇందిరాగాంధీ గెలిచారు. ఆమె ఎక్కడ పుట్టారని ఓటర్లు పట్టించుకోలేదు. 2014లో శ్రీ చంద్రశేఖరరావు వదులుకొన్న అదే స్థానానికి సెప్టెంబరు 13న ఉప ఎన్నిక జరిగింది. అందులో బి.జె.పి. అభ్యర్థి సంగారెడ్డి మాజీ శాసనసభ్యుడు శ్రీ తూర్పు జయప్రకాశ్ రెడ్డి. రాష్ట్రం సమైక్యంగా ఉండాలని ఆయన అంతకుముందు బాహాటంగా చెప్పినవారే. జులైలో క్రీడాకారిణికి పెట్టిన పరీక్షను సెప్టెంబరులో అభ్యర్థికి పెట్టలేదన్నమాట.

అధికార పక్షం కూడా ఇందుకు మినహాయింపు కాదు. సానియాకు చెక్కు ఇచ్చిన వారం తిరగగానే, జులై 30న, ప్రభుత్వం జి.ఓ. 36 జారీచేసింది. ఫీజు సాయం పొందాలంటే విద్యార్థి కుటుంబం 1956 నవంబరు 1కి ముందు నుండి తెలంగాణలో ఉండాలన్నది దాని సారాంశం. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇంటర్ ముగించి ఇంజనీరింగులో చేరబోయే పిల్లలు తమ తాతల కాగితాల కోసం వెదుక్కోవలసిన పరిస్థితి వచ్చింది. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా, వెల్డరుగా జీవితమంతా గడిపిన తండ్రి 'నేను ఎక్కడివాడిని?' అని తనను తానే అడుగుకొన్నాడు. హైకోర్టు ఆ ఉత్తర్వును గట్టిగా ప్రశ్నించింది. 2015 ఆరంభంలో ప్రభుత్వం ఆ పథకాన్ని ఉపసంహరించుకొన్నది.

చట్టం వేసిన కొలత

ఉద్యోగాలలో స్థానికతకు మన చట్టం వేసిన కొలతను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎక్కడ పుట్టావని అడగదు. పదవ తరగతి ముగిసే నాటికి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావు, చదవకపోతే ఎక్కడ నివసించావు అని అడుగుతుంది. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వు ఒకటి నుండి ఏడవ తరగతి వరకు గల చదువును లెక్కలోకి తీసుకొంటుంది. అక్కడ కూడా ముఖ్యం పెరిగిన చోటే. చిన్ననాట హైదరాబాద్‌లో బడికి వెళ్లి, ఆరేళ్ల వయసులో ఇక్కడే రాకెట్ పట్టిన సానియా ఈ లెక్కన పూర్తిగా స్థానికురాలే. కోపంతో అన్న మాటకంటే చట్టమే ఎక్కువ దయగా ఉన్నది.

ఇక 'కోడలు' అన్న మాట. వివాహమైనంత మాత్రాన ఆడపిల్లకు పుట్టింటితో ఋణం తీరిపోతుందా? సానియా పెళ్లి తరువాత కూడా భారతదేశం తరఫుననే ఆడారు. ఆమె ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లలో అయిదు వివాహం తరువాత వచ్చినవే. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం అందుకొన్నారు. ఆ వివాహం విడాకులతో ముగిసినట్లు 2024 జనవరిలో కుటుంబం తెలియజేసింది. అటువంటి బాధ ఏ ఇంటికైనా రావచ్చు. మనిషి దేశభక్తిని అత్తింటి చిరునామాతో తూచడం ఎంత పొరపాటో ఇప్పుడైనా గ్రహించాలి.

వల ఒక ప్రక్కన ఇద్దరు

గెలిచిన బిడ్డను మాత్రం అందరూ మావాళ్లంటారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు బ్యాడ్మింటన్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు తెలంగాణ అయిదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. సంతోషమే. కాని పతకం లేని పిల్లల మాటేమిటి?

పాఠకులలో చాలామంది మరచిపోయిన ఒక సంగతి చెప్తాము. రాష్ట్రం విడిపోయిన 2014లోనే, సెప్టెంబరు మాసాంతంలో, దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో భారతదేశానికి బంగారు పతకం వచ్చింది. తెచ్చినవారు తెలంగాణకు చెందిన సానియా మీర్జా, ఆంధ్రకు చెందిన సాకేత్ మైనేని. జూన్‌లో ఇరువైపులా ఎన్ని మాటలు అనుకొన్నామో! నాలుగు నెలలైనా కాకముందే రెండు రాష్ట్రాల బిడ్డలు వలకు ఒకే ప్రక్కన నిలబడి ఆడారు. టెన్నిస్‌లో సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు అది 36 అడుగులు అవుతుంది. ఇద్దరు కలసి ఆడేటప్పుడు గీత అవతలి చోటు కూడా ఆటలో భాగమవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఉద్యోగాల పంపకం, నీళ్ల పంపకం ప్రభుత్వాలు, కోర్టులు తేల్చవలసినవి. వాటిపై మన హక్కును మనం గట్టిగానే అడుగుదాం. కాని భోజనాల దగ్గర పిల్లలు వింటుండగా ప్రక్కింటివారిని 'వాళ్లు ఇక్కడివాళ్లు కారు' అనడం మానుకొందాం. ముప్ఫై ఏళ్లుగా కాలనీలో ఉన్న ఆంధ్ర కుటుంబమైనా, నిన్ననే పాశమైలారంలో పనికి చేరిన ఒడియా కార్మికుడైనా, వారి పిల్లవాడు మన పిల్లవాడితో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాడు. అదే విధంగా, బయటినుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు కూడా ఈ నేల భాషను, యాసను, ఇక్కడివారు పోగొట్టుకొన్న పొలాలను గౌరవించాలి. పిల్లవాడి స్నేహితుడు ఇంటికి వచ్చినప్పుడు 'మీదే ఊరు?' అని అడగడం మనకు అలవాటు. ఈసారి 'ఏ ఆట ఆడతావు, బాబూ?' అని అడిగి చూడండి.