పులిజూదం నుండి వెస్నాత్ వరకు: అసమాన బలాల ఆటలు

జార్జ్ టౌన్‌లోని కాఫీ కొట్లలో చైనీయ వృద్ధులు తమ చదరంగం ఆడుకోవడం మనలో చాలామందికి పరిచితమైన దృశ్యమే. పటం నడుమ ఒక నది, ఇరువైపులా పదహారేసి పావులు. ఎర్రవారి బలమెంతో నల్లవారి బలమూ అంతే. మన చదరంగంలోనూ ఇదే పద్ధతి. ఇరుపక్షాలకు సమాన బలాన్నిస్తే ఆట న్యాయంగా ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. మరి, బలాలు సమానం కానప్పుడు న్యాయమైన ఆటను నిర్మించడం ఎట్లా? నేడు మన పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని, వంతులవారీగా సైన్యాలను నడిపే కాల్పనిక యుద్ధక్రీడలకు ఈ ప్రశ్నయే ప్రాణం. దీనికి మన అవ్వలు చింతపిక్కలతో, గులకరాళ్ళతో ఏనాడో ఒక సమాధానం చెప్పి ఉన్నారు.

పులిజూదాన్ని ఎరుగని యువతరం కొరకు దాని స్వరూపాన్ని క్లుప్తంగా చెబుతాను. త్రికోణాకారపు పటం, అందులో గీతలు కలిసే స్థానాలు 23. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పటంపై ఉంచాలి. అన్నీ ఉంచేవరకు ఏ మేకా కదలరాదు. పులికి ఆ నిర్బంధం లేదు. ప్రక్కనున్న మేకకు ఆవలి స్థానం ఖాళీగా ఉంటే, దానిమీదుగా దుమికి మేకను చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. కాని మూడు పులులకూ కదలడానికి చోటు లేకుండా చుట్టుముడితే గెలుపు మేకలదే. ఒకరికి పరాక్రమం, ఇంకొకరికి సంఖ్య. “గెలుపు” అనే మాటకు అర్థం కూడా ఇద్దరికీ వేరు. మనం నివసిస్తున్న ఈ దేశంలోనూ ఈ ఆటకు బంధువు ఉన్నది. మలయ్ భాషలో దాని పేరు రిమౌ, అనగా పులి. ఒక పద్ధతిలో ఒకే పులి, రెండవ పద్ధతిలో రెండు పులులు. వాటికి ఎదురు నిలిచేవారు మేకలు కారు, ఇరవైకి పైబడిన మనుషులు.

ఇట్టి ఆటలో నిజంగా న్యాయమున్నదా? ఈ అనుమానాన్ని కంప్యూటర్‌తో తీర్చినది మన పొరుగునే. నేపాల్ దేశపు పులి-మేకల ఆట బాఘ్‌చాల్‌లో 25 స్థానాలు, నాలుగు పులులు, ఇరవై మేకలు. ఐదు మేకలు చస్తే పులులు గెలిచినట్లు లెక్క. మేకలన్నీ పటంపైకి వచ్చిన తరువాతి దశను చూడండి. నాలుగు పులులను 25 స్థానాలలో 12,650 విధాలుగా నిలపవచ్చు. మిగిలిన 21 స్థానాలలో పదహారు మొదలు ఇరవై వరకు మేకలు నిలిచే విధాలు 27,895. రెంటినీ గుణిస్తే 35 కోట్లు దాటుతుంది. వంతు ఎవరిదన్న భేదం వలన అది రెట్టింపవుతుంది. పటాన్ని త్రిప్పినా, అద్దంలో చూసినా మారని సౌష్ఠవం వలన సుమారు ఎనిమిదవ వంతుకు తగ్గి, తుదకు 8 కోట్ల 80 లక్షల స్థితులు తేలుతాయి. మేకలను ఉంచే తొలి దశ ఇంతకన్న ఎంతో విస్తృతమైనది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన లిమ్ యూ జిన్, స్విట్జర్లాండ్‌కు చెందిన యూర్గ్ నీవర్‌గెల్ట్ ఈ అరణ్యాన్ని గాలించి, ఉభయులూ దోషరహితంగా ఆడితే ఆటలో గెలుపోటములు ఉండవని తేల్చారు. వారి వ్యాసం 2009లో ప్రచురితమైనది. పటం వేరు, లెక్క వేరు గనుక ఈ తీర్పును మన పులిజూదానికి అంటగట్టరాదు.

రసాయన శాస్త్రం చదివినవారికి ఇందులో వింత తోచదు. సమతాస్థితి అంటే రెండు పళ్ళాలలో సమాన పరిమాణాలు ఉండడం కాదు. మన వంటింటి వినిగర్‌లో ఎసిటిక్ ఆమ్లపు అణువులు వెయ్యింటికి సుమారు ఐదు మాత్రమే అయాన్లుగా విడివడి ఉంటాయి. తక్కిన 995 విడివడక నిలుస్తాయి. అయినను అది సమతాస్థితియే. అటునుండి ఇటు, ఇటునుండి అటు జరిగే మార్పుల వేగాలు సరితూగడమే అక్కడి న్యాయం.

ఇక కంప్యూటర్ ఆటలకు వద్దాం. ఉదాహరణకు “బ్యాటిల్ ఫర్ వెస్నాత్” తీసుకుంటాను. డేవిడ్ వైట్ 2003లో ఆరంభించిన ఈ ఆటను నానాదేశాల ఔత్సాహికులు పెంచి పోషించారు, వెల లేదు. షడ్భుజాల గళ్ళపై రాజభటులు, అడవిలోని ఎల్ఫులు, ఓర్కులనబడే మోటు యోధులు, మంత్రబలంతో లేచిన శవసైన్యం మొదలైన పక్షాలు పోరాడుతాయి. ఏ రెండూ ఒక పోలికవి కావు. అస్థిపంజరంపై కత్తి వ్రేటు సరిగా పారదు, గదాప్రహారం, అగ్ని మాత్రం మరింత తగులుతాయి. ఆరు వంతులకు ఒక అహోరాత్రం గడుస్తుంది. పగలు రాజభటుల దెబ్బకు 25 శాతం బలం హెచ్చుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. ఓర్కులకు, శవసైన్యానికి దీనికి విపర్యయం. సంధ్య కాకమునుపే తాటకను వధించమని విశ్వామిత్రుడు రాముని తొందరపెట్టిన ఘట్టం జ్ఞప్తికి వస్తుంది కదా! రోజు మొత్తం మీద హెచ్చుతగ్గులు సరిపోతాయి. కాని ఎప్పుడు దాడి చేయాలి, ఎప్పుడు వెనుదీయాలి అనే వివేకం మాత్రం ఆటగానిదే.

కంప్యూటర్ మోసం చేస్తున్నదని పిల్లలు తరచుగా అలుగుతారు. ఇది సంభావ్యత తెలియని అలక. బయలులో ఉన్న ఎల్ఫుకు దెబ్బ తగిలే అవకాశం 60 శాతం అనుకుందాం. మూడు దెబ్బలూ తప్పిపోయే అవకాశం 0.4 × 0.4 × 0.4, అనగా 6.4 శాతం. పదహారు పోట్లాటలలో ఒకసారి ఇట్లు జరగడం సహజమే. అదే ఎల్ఫు అడవిలో నిలిచి, తగిలే అవకాశం 40 శాతానికి దిగితే, మూడూ తప్పిపోయే అవకాశం 21.6 శాతానికి పెరుగుతుంది. పదవ తరగతి గణితాన్ని ఇంతకన్న ఇష్టంగా నేర్పే పుస్తకాన్ని నేను చూడలేదు.

నాకు అన్నిటికన్న విలువైనదిగా తోచినది దండయాత్రల కథనం. ఒక కథలో కాన్రాడ్ అనే రాకుమారుడు ఎల్ఫుల పెంపకంలో పెరిగి సింహాసనం కొరకు పోరాడతాడు. ఓర్కులు అతనికి శత్రువులు. ఇంకొక కథలో నాయకుడు కపూయే అనే ఓర్కు. మనుషులే అతని జాతి భూములను ఆక్రమిస్తారు. మూడవ కథలో మాలిన్ కేషర్ అనే యువకుడు తన ఊరిని కాపాడుకొనడానికి నిషిద్ధమైన ప్రేతవిద్యను ఆశ్రయించి, ఆ ఊరివారి చేతనే వెలివేయబడతాడు. నిన్న నరికిన పక్షానికి నేడు నాయకత్వం వహించవలసి వస్తుంది. 1977లో ఎన్.టి. రామారావు గారు “దానవీరశూరకర్ణ”లో కృష్ణుడుగా, దుర్యోధనుడుగా, కర్ణుడుగా తామే నటించిన సంగతి ఎరిగిన తెలుగువారికి ఈ దృష్టి కొత్త కాదు. మన పిల్లలకు మాత్రం అది ఓర్కుల ద్వారా చేరుతున్నది.

కాలహరణం గురించి తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. “ఇంకొక్క వంతు” అంటూ రాత్రి పన్నెండు చేయడం వీటిలో ఉన్న అసలు ప్రమాదం. అయితే, చేతివేగంపై ఆధారపడే ఆటలవలె కాక, వంతుల ఆటను ఏ క్షణాన ఆపినా నష్టం లేదు. స్థితిని భద్రపరచి మరునాడు కొనసాగించవచ్చు. భోజనానికి పిలిచినపుడు రాకపోవడానికి ఆటను సాకుగా చెబితే ఒప్పుకోనక్కరలేదు. ఇంటిలో అమ్మమ్మ, నాయనమ్మ ఉన్నవారు ఒక సుద్దముక్క, మూడు రాళ్ళు, పదిహేను చింతపిక్కలు సమకూర్చి చూడండి. మనవడు పులులను కోరుకుంటాడు. మొదటి ఆటలో అట్లే ఇవ్వండి. రెండవ ఆటలో పక్షాలు మార్చాలని ముందే ఒప్పించండి.